పోటుకి అడ్డం వేసిన గట్టు

మా ఊరి కాలవ ఎక్కడికి వెళుతుందని చిన్నప్పుడు నేనెప్పుడూ ఎవర్నీ అడగలేదు. నీళ్ళు వస్తాయి, పొలాల్లోకి మళ్ళుతాయి, మిగిలినవి వంతెన కిందుగా మెల్లగా తూర్పుకి పోతాయి. అంతవరకే తెలుసు. రామచంద్రపురం కాలేజీ బస్సు ఆ కాలవ పక్కనే నడిచేది. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు కిటికీ దగ్గర కూర్చుని, నీటి మీద కదిలే కొబ్బరి నీడలు చూస్తూ చూస్తూ నిద్రపోయి, మా స్టాపు దాటిపోయి ద్రాక్షారామంలో కళ్ళు తెరిచిన రోజులు చాలా ఉన్నాయి. కండక్టరు తిట్టేవాడు. నాకేమో ఆ నీళ్ళతో పాటు ఇంకొంచెం దూరం వెళితే బాగుండుననిపించేది. వాటి చివర చూడటానికి నాకు ఇరవై మూడేళ్ళు పట్టింది. చూశాక వెనక్కి రాలేకపోయాను.

చూపించింది ఒక ఇంటర్న్‌షిప్. జువాలజీలో ఎమ్మెస్సీ అయ్యాక నాతో చదివినవాళ్ళంతా బి.ఎడ్.కో బ్యాంకు కోచింగ్‌కో పోతున్నారు. నేను ఇంట్లో పడుకుని ఫోన్ చూస్తూ ఉండేదాన్ని. ఒకరోజు అందులో ఒక ప్రకటన కనిపించింది. సముద్ర తీరంలో మడ అడవులు పెంచే సంస్థ ఒకటి ఆరు నెలలకి ఇంటర్న్‌లని తీసుకుంటోంది. పని నచ్చితే చివర్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారట. 'బురదలో దిగడానికి సిద్ధపడి రావాలి' అని కింద ప్రత్యేకంగా రాశారు. బురద సంగతి మాకు చెప్తున్నారా అని నవ్వుకుని, అక్కడికక్కడే అప్లై చేసేశాను. నాకు కోపమూ తొందరే, ఉత్సాహమూ తొందరే. ఆలోచన మాత్రం ఎప్పుడూ తర్వాతి బస్సుకి వస్తుంది.

మా నాన్నది వ్యవసాయం. ఆయనకి ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు ఉప్పునీరు. మాది శివారు పొలం. కాలవ నీళ్ళు అందరికీ అందాక చిట్టచివర మాకు అందుతాయి. సముద్రం వైపు నుంచి ఉప్పు ఎగదన్నితే మాత్రం మాకే ముందు తగులుతుంది. తాతయ్య రోజుల్లో ఒక తుఫానుకి మురుగు డ్రెయిను వెనక్కి తన్ని రెండెకరాలు చౌడైపోయాయి. ఎండాకాలంలో ఆ నేల తెల్లగా పొక్కులెత్తి ఉంటుంది. దాని పక్కనుంచి నడిచేటప్పుడు నాన్న మాట్లాడరు. అందుకే మా ఇంట్లో పిల్లలకి గట్టు వెయ్యడం ముందు వచ్చింది, అక్షరాలు తర్వాత వచ్చాయి. బురద ముద్ద ఎంత లావు తియ్యాలో, ఎలా కొట్టాలో, వాలు ఏ పక్కకి ఇవ్వాలో, చివర్లో అరచేత్తో నున్నగా ఎలా రాయాలో నాకు ఏడేళ్ళకే తెలుసు. నేను వేసిన గట్టుని నాన్న ఎప్పుడూ బాగుందనలేదు. పడిపోయినచోట మళ్ళీ వేసేవారు, అంతే.

ఇంటర్వ్యూలో ఎంపికయ్యానని చెప్తే ఆయన కాసేపు గుమ్మంలో కూర్చున్నారు.

"ఆరు నెలలు వెళ్ళు. చివర్లో ఉద్యోగం ఇస్తే నీ ఇష్టం, నేను అడ్డురాను. ఇవ్వలేదనుకో, వచ్చి బి.ఎడ్.లో చేరు. మళ్ళీ నాకు కొత్త కబుర్లు చెప్పకూడదు" అన్నారు.

"సరే" అన్నాను. ఆ ఒక్క మాట మీద నా ఆరు నెలలూ నిలబడ్డాయి.

మత్స్యకారుల పల్లెలో తుఫాను షెల్టరు పక్క గది నాకిచ్చారు. అక్కడికి వెళ్ళాక మొదటి వారం రోజులు నేను మెలకువగా ఉన్నానో లేదో నాకే సరిగా తెలియదు. పొద్దున లేచి చూస్తే వాకిలి ముందు పాయ నిండా నీళ్ళుంటాయి. అన్నం తిని చూస్తే నీళ్ళుండవు, మెరిసే బురద ఉంటుంది. దాని మీద ఒక చెయ్యి పెద్దగా, ఒకటి చిన్నగా ఉన్న ఎర్ర పీతలు వేలకొద్దీ నిలబడి, ఎవర్నో పిలుస్తున్నట్టు ఆ పెద్ద చెయ్యి ఊపుతుంటాయి. అడుగు తీసి అడుగేస్తే అన్నీ ఒక్కసారి మాయమవుతాయి. కదలకుండా నిలబడితే మళ్ళీ ఒక్కొక్కటే వస్తాయి. నేను ఎన్ని గంటలు అలా నిలబడ్డానో లెక్కలేదు. నీళ్ళు రావడాన్ని పోటు అంటారు, తియ్యడాన్ని పాటు అంటారు. ఆ పల్లెలో గడియారాలున్నాయి గానీ ఎవరూ వాటిని చూసి పనికి బయల్దేరరు.

నన్ను అప్పగించింది నర్సరీ చూసుకునే ఆవిడకి. యాభై దాటిన మనిషి. భర్త వేటకి వెళితే చేపలు అమ్మేది, మిగిలిన పూటంతా మడ మొక్కల దగ్గరే ఉండేది. పల్లెలో చిన్నవాళ్ళంతా అత్తా అంటుంటే నేనూ అలాగే అలవాటు పడ్డాను. ఆవిడ మాత్రం నన్ను 'అమ్మాయిగారూ' అనేది. ఎన్నిసార్లు వద్దన్నా మానలేదు.

నర్సరీ అంటే పాయ ఒడ్డున పల్లంలో తవ్విన నాలుగు మళ్ళు. వాటిలో వరసగా నల్ల ప్లాస్టిక్ సంచులు, సంచికో మొక్క. నేను రాకముందే, వానల్లో ఆవిడ నావ మీద పాయలన్నీ తిరిగి ఏరుకొచ్చిన మొలకలవి. మడ గింజ చెట్టు మీదే మొలకెత్తి, ఆ తర్వాత నీళ్ళలో పడుతుంది.

"కడుపులోనే నడక నేర్చుకుని పుడతాయండి ఇవి" అంది ఆవిడ.

మోటారు ఎక్కడుందా అని నేను వెతుకుతున్నాను. "వీటికి నీళ్ళెవరు పెడతారత్తా?" అన్నాను.

"పోటండి. రోజుకి రెండుసార్లు అదే వస్తుంది. ఇంతవరకూ సెలవడగలేదు."

ఆ మాట నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకున్నాను గానీ తలకెక్కించుకోలేదని తర్వాత తేలింది.

పొద్దున మొక్కల ఎత్తు కొలవడం, ఆకులు లెక్కపెట్టడం, నీళ్ళు తీశాక బురదలో కర్ర గుచ్చి లోతు చూడటం నా పని. మధ్యాహ్నం ఆవిడ నావలో పడుకునేది, నేను చెట్ల నీడలో. పైన తేనెటీగల చప్పుడు, కింద నీళ్ళు వేళ్ళ మధ్య దూరే చప్పుడు. ఈ నీళ్ళలో ఎక్కడో మా ఊరి కాలవ కూడా ఉంది కదా అనుకుంటే ఒళ్ళు తేలికైపోయేది. ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉంటుందా? ఇది నాకు కావాలి. అంత గట్టిగా నేను అంతకుముందు ఏదీ కోరుకోలేదు.

ప్రాజెక్టు చూసే సారు ప్రతి సోమవారం కాకినాడ నుంచి వచ్చేవారు. మాట తక్కువ. నాలుగో నెలలో నా కొలతలన్నీ చూసి, "ఆఖరి రిపోర్టు ఇలాగే రాస్తే ఉద్యోగానికి మీ పేరే పంపుతానండి" అన్నారు. ఆ రోజంతా నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

తర్వాత కొన్నాళ్ళకే పల్లెలో అమ్మవారి తీర్థం వచ్చింది. ఆ రోజుల్లో వలలన్నీ ఆరేసి ఉంటాయి, నావలు ఒడ్డెక్కుతాయి, ఒక్క మనిషీ పాయలో కాలు పెట్టడు. తీర్థం అయి, అమ్మవారు శాంతించేలా చల్లదనం చేసేదాకా నీళ్ళ జోలికి పోకూడదు. అది వాళ్ళ కట్టుబాటు. మా ఊళ్ళో కూడా అప్పుడే రెండో పంట, దాళ్వా కోతలు. అత్త నాతో, "మేమెవరమూ అటు రామండి. మీరు కూడా ఇవాళ ఒకసారి చూసి ఇంటికెళ్ళిపోండి. పోటు చూసుకుంటుంది" అంది.

ఆ సాయంత్రం ఒక్కదాన్నే నర్సరీకి వెళ్ళాను. పున్నమి. పల్లె నుంచి డప్పుల మోత వినిపిస్తోంది. సూర్యుడు ఇంకా పూర్తిగా దిగలేదు, అప్పుడే ఇటు చంద్రుడు లేచాడు. నీళ్ళు రెండు రంగుల్లో ఉన్నాయి. చూస్తుండగానే పోటు మొదలైంది. పున్నమి పోటు మామూలుగా ఉండదని విన్నాను గానీ, నర్సరీలో నిలబడి అంతకుముందెప్పుడూ చూడలేదు. నీళ్ళు చప్పుడు లేకుండా పాయ నిండి, ఒడ్డెక్కి, మళ్ళలోకి వచ్చాయి. సంచులు మునిగాయి. కాడలు మునిగాయి. కింది ఆకులు కూడా మునిగి, నీటి అడుగున మెల్లగా ఊగడం మొదలుపెట్టాయి.

వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

తర్వాత నేను చేసింది నా బుర్ర చేసింది కాదు, నా చేతులు చేశాయి. రెండు మళ్ళు అప్పటికే పూర్తిగా మునిగాయి. మిగిలిన రెండింటికీ నీళ్ళు వచ్చే దారి దగ్గర కూర్చుని, బురద ముద్దలు తీసి కొట్టడం మొదలుపెట్టాను. ముద్ద మీద ముద్ద. వాలు పాయ వైపుకి. మధ్యలో ఎండుగడ్డి. చివర్లో అరచేత్తో రాశాను. నేను లేచి నిలబడేసరికి గట్టుకి అవతల నీళ్ళు వెన్నెల్లో తళతళమంటూ ఆగిపోయి ఉన్నాయి, ఇవతల నా మొక్కలు పదిలంగా ఉన్నాయి. అంత ఆనందం నాకు మళ్ళీ ఎప్పుడు కలిగిందో చెప్పలేను. ఫోటో తీసి నాన్నకి పంపాను.

కాసేపటికి జవాబు వచ్చింది. 'గట్టు బాగుంది. వాలు సరిగ్గా ఇచ్చావు.'

పుట్టాక మొదటిసారి! మర్నాడు బస్సులో ఇంటికి వెళుతూ దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో. ఊళ్ళో నాన్న కోతమిషను పక్కన నిలబడి వచ్చేపోయేవాళ్ళందరికీ ఆ ఫోటో చూపించారు. "ఉప్పునీటికి కట్టింది. మా అమ్మాయే" అన్నారు. నేను మొహమాటపడుతున్నట్టు నటించాను.

ఆరో రోజున తిరిగి వెళ్ళాను. ఆ ఆరు రోజులూ ఎండ నిప్పులు చెరిగింది.

అత్త నాకన్నా ముందే నర్సరీలో ఉంది. గొంతుక్కూర్చుని ఉంది. గట్టు లేని రెండు మళ్ళలోనూ మొక్కలు పచ్చగా, కడిగినట్టు నిగనిగలాడుతున్నాయి. గట్టు వేసిన రెండు మళ్ళలో ఆకులన్నీ మాడి వేలాడుతున్నాయి. సంచుల్లో మన్ను పగిలింది. ఆ మన్ను మీద తెల్లటి పొక్కులున్నాయి. ఆ తెలుపు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మా రెండెకరాల తెలుపు అది.

"ఉప్పు తెచ్చేదీ పోటేనండి, కడిగి పట్టుకుపోయేదీ పోటేనండి" అంది ఆవిడ నా వైపు చూడకుండా. "రానివ్వకపోతే లోపలున్న ఉప్పు ఎక్కడికి పోతుంది?"

లేచి గట్టు మీద చెయ్యి వేసి అటూ ఇటూ రాసింది. "ఇంత నున్నగా రాయడం మా వాళ్ళెవరికీ చేతకాదు" అని, కాలితో మధ్యలో తన్ని తెగ్గొట్టేసింది. వానల్లో పాయలన్నీ తిరిగి ఏరిన మనిషి నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

సోమవారం సారు వచ్చారు. ఎండిన మళ్ళు చూసి మొహం ఎర్రబడింది. "ఎవరు కట్టారిది?"

నేను నోరు తెరిచాను. నాకన్నా ముందు ఆవిడ, "మా వాళ్ళెవరో చేపల కోసం అడ్డం కట్టుంటారండి. తీర్థంలో తాగి ఉంటారు, ఎవర్నని అడగమంటారు" అనేసింది.

"ఎన్నిసార్లు చెప్పినా ఈ పల్లెలో ఇంతే. వచ్చే ఏడు నర్సరీ వేరే ఊరికి మార్చేద్దాం" అన్నారు సారు. జీపు వెళ్ళిపోయింది. నేను తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను.

"ఎందుకత్తా అలా చెప్పావు?"

"మీకు ఉద్యోగం కాగితం కావాలి కదండీ. మాకు వల ఉందిగా."

తర్వాతి మూడు వారాలూ నేను చాలా నీచంగా బతికాను. పనంతా చేసేదాన్ని, ఆవిడ కళ్ళలోకి మాత్రం చూసేదాన్ని కాదు. పైగా ఆవిడ మీదే కోపం వచ్చేది. ఆవిడ అబద్ధం చెప్పకపోతే నేను నిజం చెప్పేసేదాన్ని కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. మధ్యాహ్నం నీడలో పడుకుంటే సగం నిద్రలో గట్టు కనిపించేది. దాని అవతల నీళ్ళు ఆగి, లోపలికి రానివ్వమని అడుగుతున్నట్టు ఉండేవి. మెలకువ వచ్చి చూస్తే పాయ ఎప్పటిలాగే నిండుతూ ఉండేది. పీతలు ఎప్పటిలాగే చెయ్యి ఊపుతూ ఉండేవి. వాటి ఎదట కూడా సిగ్గేసేది.

చివరి రిపోర్టు చెప్పాల్సింది రాజమండ్రిలో, పెద్ద ఆఫీసులో. కిటికీలోంచి గోదావరి కనిపిస్తోంది. ఎత్తులూ లోతులూ అన్నీ చెప్పాను. 'మొక్కల నష్టానికి కారణాలు' దగ్గరికి వచ్చేసరికి, ఫోన్‌లో ఉన్న ఆ వెన్నెల ఫోటో తెర మీద పెట్టాను.

"ఈ గట్టు వేసింది నేనండి. పల్లెవాళ్ళు కాదు. మాది వరి పండించే ఇల్లు. ఉప్పునీళ్ళు వస్తుంటే చూస్తూ ఊరుకోవడం నాకు తెలియలేదు. తప్పు చేశాక దాచాను. అది ఇంకా పెద్ద తప్పు" అన్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

సారు బయటికి పిలిచి, "నర్సరీ అక్కడే ఉంటుంది. ఆవిడకి నేను చెప్తాను" అన్నారు. లోపలికి వెళ్ళబోతూ, "ఆ రోజే చెప్పుంటే మీ పేరు పంపేవాణ్ణి" అన్నారు. ఉద్యోగం పక్షుల లెక్క చేసిన ఇంకో ఇంటర్న్ అమ్మాయికి వచ్చింది. ఆ అమ్మాయి మంచిదే. అయినా నాకు కడుపు మండింది, దాచుకోవడం దేనికి?

పల్లెకి వెళ్ళి అత్తకి చెప్పాను. ఆవిడ చేపల గంప దించి నా వైపు చూసింది.

"నీకేమైనా పిచ్చా పిల్లా? చేతికొచ్చినదాన్ని పారబోసుకుంటావా?" అని గట్టిగా కేకలేసింది. ఆరు నెలల్లో అదే మొదటిసారి నువ్వు అనడం. తిడుతూనే నాకు అన్నం పెట్టింది.

నాన్నకి ఫోన్‌లో మొత్తం చెప్పాను, గట్టు సంగతితో సహా. "రేపొస్తాను, సర్దుకో" అన్నారు.

మోటారు సైకిల్ మీద వచ్చారు. ఏమీ అడగలేదు. నా సంచీ వెనకసీటు చివర పెట్టి తాడుతో కట్టారు. మాట ఇచ్చాను కాబట్టి నేనూ ఏమీ అనలేదు. బండి తియ్యబోయి ఆగి, "ఎక్కడా గట్టు?" అన్నారు.

నర్సరీకి తీసుకెళ్ళాను. అత్త ఎండిన సంచులు ఏరుతోంది. గట్టు రెండు కొసలూ ఇంకా మిగిలున్నాయి. నాన్న వంగి వాటిని తడిమి చూశారు. అప్పుడే పోటు మొదలైంది. తెగిన చోటునుంచి నీళ్ళు సన్నగా లోపలికి పాకుతున్నాయి. అవి చూస్తూనే నాన్న గబుక్కున కూర్చుని, రెండు చేతుల్తో బురద ముద్ద తీశారు. నా చేతులు ఎవరివో నాకు అప్పుడు తెలిసింది.

"వద్దండి బాబుగారూ. రానివ్వండి" అంది అత్త.

నాన్న ముద్ద అలాగే పట్టుకుని లేచి నిలబడిపోయారు. నీళ్ళు ఆయన పాదాలు దాటి, ఎండిన మళ్ళలోకి వెళ్ళి, పక్కనున్న పచ్చటి మొక్కల చుట్టూ నిండాయి. సంచులు మునిగాయి, ఆకులు మునిగాయి. ఆయన దవడ బిగుసుకోవడం కనిపించింది. ఎంతసేపు అలా నిలబడ్డామో తెలియదు. నీళ్ళు నిండి, కాసేపు కదలకుండా నిలిచి, మెల్లగా వెనక్కి తిరిగాయి. ఆకులు ఒక్కొక్కటే బయటపడ్డాయి, పచ్చగా.

"వెళ్ళిపోతున్నాయి" అన్నారు నాన్న, చిన్నపిల్లాడి గొంతుతో. "మా రెండెకరాల్లో వచ్చినవి వెళ్ళలేదమ్మా" అన్నారు ఆవిడతో. వంగి చేతులు నీళ్ళలో పెట్టారు. ముద్ద కరిగి పాయలోకి పోయింది.

"పోయిన మొక్కలకి మళ్ళీ మొలకలు ఎప్పుడు ఏరతారు?"

"వానల్లోనండి. పక్కన ఒక మనిషి సాయముంటే రెండు నావలు నింపొచ్చు."

నాన్న నా వైపు చూడలేదు. తడి చేతులు పంచెకి తుడుచుకుని బండి దగ్గరికి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. అక్కడ సంచీకి కట్టిన తాడు ముడి విప్పారు. సంచీ కింద పెట్టి, తాడు చుట్ట చుట్టి బండికి తగిలించుకుని, ఒక్కరే వెళ్ళిపోయారు.